హురుమంజి తేజీలు, హెరాత్ రాయబారి

హంపీదారి:
శ్రీనాథుడి సీసపాదం ఒకటి రెండు రోజులుగా నోట్లో నానుతోంది, పూర్తిగా మాత్రం రావడం లేదు. “హురుమంజి ... హరులు దెచ్చి”. మధ్యలో ఎక్కడో ‘తేజి’ ఉండాలి. అబ్దుర్ రజాక్ విజయనగర యాత్ర చదువుతుంటే పట్టుకుంది. హెరాత్ నుంచి తైమూరు కొడుకు షారుఖ్ పంపిన రాయబారి కదా, 1443 ఏప్రిల్‌లో విజయనగరం చేరి రెండో దేవరాయలకు ఐదు మేలిగుర్రాలు, రెండు పళ్లేల్లో తొమ్మిదేసి పట్టుబట్టలు సమర్పించుకున్నాడు. శ్రీనాథుడి లెక్కలో అవి ‘తేజి హరులు’ అవుతాయా? హరి అంటే గుర్రమే, సరే. తేజి అంటే గుర్రం జాతా, దాని వేగమా?

చేదబావి:
సింహళంబున గంధసింధురంబులు దెచ్చి
హురుమంజి బలుతేజి హరులు దెచ్చి
హరవిలాసం, సముద్ర వ్యాపారులైన అవచి సెట్ల వైభవం. తేజి ఫారసీ ‘తాజీ’యే, అరబ్బు గుర్రం. ఇందులో చర్చించడానికేముంది?

గణగ్రాహి:
ఉందండీ. తాజీ అయితే తాజిగానే దిగాలి. ‘తాజా’ మనకి తాజాగానే వచ్చింది గానీ తేజా కాలేదుగా. ఆ ‘తే’ ఎక్కడిది? ఫారసీలోనే ‘తేజ్’ ఉంది, వడి అని. అదీ వద్దంటే మన తేజస్సు ఉండనే ఉంది. ఛందస్సు ఏమీ తేల్చదు. తా అయినా తే అయినా గురువే, ‘బలుతేజి’ సలగణమే. యతి చూద్దామా అంటే అక్కడా హురు–హరు అని రెండో అక్షరం కలిపే ప్రాసయతితో గట్టెక్కాడు మహానుభావుడు.

చేదబావి:
తాజా మనకు దఫ్తర్ల దారిన వచ్చిన మాట, తేజి రేవుల్లో గుర్రాల బేరగాళ్ల నోట వచ్చిన మాట. దారి వేరైతే అచ్చూ వేరవుతుంది. పారశీక తీరపు రేవు హోర్ముజ్‌ను హురుమంజి చేసి, లేని సున్న తగిలించిన నోళ్లకి ఆకారం ఏకారం చేయడం ఒక లెక్కా? కన్నడంలోనూ తేజియే.

దస్తూరీ:
బేరగాళ్ల మాటలు సంస్కృతాన్నే వదల్లేదు. 12వ శతాబ్దిలోనే హేమచంద్రుడి నిఘంటువులో గుర్రపు రంగులకి సేరాహ, ఖోంగాహ లాంటి పేర్లున్నాయి. అయినా గణగ్రాహి గారి ‘తేజ్’ని అంత తేలిగ్గా కొట్టేయకండి. ‘బలు’ ఉంది చూశారా, అది జాతి పేరు ముందు ఎలా నిలుస్తుంది? ‘బలు వడి’ అంటాం, ‘బలు అరబ్బు’ అంటామా?

చేదబావి:
‘బలు’ని హరులకి అన్వయించుకోండి మేష్టారూ. మేలైన తాజీ గుర్రాలు. సరిపోలా?

గణగ్రాహి:
సరిపోయేట్టు లాగితే ఏదైనా సరిపోతుంది.

హంపీదారి:
నేను అడిగింది రాయబారి గుర్రాల సంగతి. ఆయన వచ్చిందీ హోర్ముజ్ మీదుగానే. 1442 జనవరిలో హెరాత్‌లో బయల్దేరి, సముద్రం దాటి ముందు కాలికట్‌లో దిగాడు. అక్కడి రాజు జామొరిన్‌కి గుర్రం, జరీ అంగీ, కుళ్ళాయి ఇస్తే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. నెలల తరబడి అక్కడే పడి ఉండగా దేవరాయలే కబురంపి పిలిపించుకున్నాడు.

దస్తూరీ:
పిలిపించుకుని బాగానే చూశాడు. రోజుకి రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యం, నెయ్యి, చక్కెర, పైన రెండు వరహాలు. వారానికి రెండుసార్లు దర్శనం, వెళ్లినప్పుడల్లా తాంబూలం, 500 పణాల సంచి, కర్పూరం. ‘కస్తూరికా భిక్షాదానము సేయరా’ అని మన శ్రీనాథుడు నోరు తెరిచి అడుక్కున్నాడు, ఈయనకి అడక్కుండానే కర్పూరం! తీరా కాలం కలిసిరాక, దండనాయకుడు కలబురగి మీదికి యుద్ధానికి వెళ్లినప్పుడు ఆ స్థానంలో కూర్చున్న అధికారి గ్రాసం కాస్తా ఆపేశాడు. దానికి తోడు హోర్ముజ్ వాళ్లు ఈయన షారుఖ్ పంపిన మనిషే కాదని పుకారు లేపారు. హురుమంజి నుంచి మంచి గుర్రాలే కాదు, చాడీలూ దిగుమతి అయ్యాయి.

కోకచుట్టితి:
ఆ టెన్షన్ శ్రీనాథుడు అదే రాయల కొలువులో ముందే పడ్డాడు. “కుళ్ళాయుంచితి కోక చుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్”. వెల్లుల్లి తిని, తెలికపిండి తిని, చివరికి “దయలేదా? నేను శ్రీనాథుడన్”! ఆ ఒక్క ‘నేను’ కోసం పద్యమంతా రాశాడనిపిస్తుంది. కుళ్ళాయి కూడా ఫారసీ కులాహే, గమనించారా? నా ఊహ ఏంటంటే, శ్రీనాథుడికి దీనార టంకాల తీర్థం, అంటే బంగారు నాణేల అభిషేకం, జరిగిన ‘ముత్యాల శాల’, అబ్దుర్ రజాక్‌కి దర్శనమిచ్చిన నలభై స్తంభాల మండపం ఒకటే.

చేదబావి:
కొలువులో మండపం ఒక్కటే ఉంటుందా? ఊహలకి పన్ను లేదు కాబట్టి కానివ్వండి.

కోకచుట్టితి:
సరే, ఇంకోటి. ఆ రోజు రాయలు తొడుక్కున్నది ‘జైతూనీ’ పట్టు. కొందరు అనువాదకులు ఆకుపచ్చ అని సరిపెట్టారు గానీ, అది చీనాలోని జైతూన్ రేవు సరుకు అనిపిస్తుంది. మన సీసంలోనే ఉంది, “చీని చీనాంబర శ్రేణి దెచ్చి” అని. రాయబారి గుర్రాలు, రాయల అంగీ రెండూ ఒక్క పద్యంలో!

గణగ్రాహి:
పద్యం కొండవీటి కొమరగిరిరెడ్డి నాటి వ్యాపారం గురించండీ, దేవరాయల కొలువు గురించి కాదు. పైగా ఫారసీ నేర్పడానికి ఈ రాయబారే దిగిరానక్కర్లేదు. 1443 డిసెంబరులో ఈయన తిరుగు ప్రయాణం కట్టినప్పుడు రాయలు తన తరఫున పంపింది ఖ్వాజా మసూద్, ఖ్వాజా మహమ్మద్‌లని. ఇద్దరూ విజయనగరంలో ఉంటున్న ఖురాసానీలే, హెరాత్ వైపు వాళ్లే. అంతమంది ఫారసీ వాళ్లు మసిలే చోట ‘తాజీ’ అని సరిగ్గా పలకడం ఎవరికీ చేతకాలేదంటారా? అందుకే నా ఓటు తేజ్‌కే.

చేదబావి:
శ్రీనాథుడు ఈ పద్యం రాసింది రెడ్డిరాజుల నాటి రేవుల మాటతో. విజయనగర ఖురాసానీల ఉచ్చారణ వాళ్ల మోటుపల్లి రేవు దాకా రావాలా?

దస్తూరీ:
తేజి సంగతి అలా ఉంచండి. తర్వాతి పాదంలో “గోవ సంశుద్ధ సంకుమదద్రవము దెచ్చి / యాపగ నాణిముత్యాలు దెచ్చి” ఉంది కదా. అది ‘యాపగ’ అనే ఊరా, లేక దెచ్చి మీద యడాగమం వచ్చిన ‘ఆపగ’, అంటే నది ముత్యాలా? మిగతా అన్నిచోట్లా ఊరి పేరో దేశం పేరో చెప్పి ఇక్కడొక్కచోట నది అంటాడా?

గణగ్రాహి:
యతి చూడండి. ‘త్యా’తో యా కుదురుతుంది, ఆ కూడా కుదురుతుంది. ఇక్కడా దొరకలేదు.

చేదబావి:
ఊరే. యాళ్ప్పాణం (జాఫ్నా) వైపు చూడండి, సింహళం ముందే వచ్చిందిగా.

కోకచుట్టితి:
నది అంటే తామ్రపర్ణి ఎందుకు కాకూడదు? ముత్యాలకి అంతకంటే పేరున్న ఏరు ఉందా?

హంపీదారి:
నా ఐదు గుర్రాలు ఇంకా రాజద్వారం దగ్గరే ఉన్నాయి, ఎవరైనా కాస్త గడ్డి వేయండి బాబూ.