అప్‌డేట్: లిన్ కౌంటీలో ఇల్లు, వరద ముప్పు

అమెరికాలోని అయోవా రాష్ట్రం లిన్ కౌంటీలోని సీడర్ రాపిడ్స్‌లో ఇల్లు కొనేముందు ప్రకృతి విపత్తుల ముప్పును ఎలా అంచనా వేయాలని ఇంతకుముందు అడిగాను. టోర్నడోలతో పాటు నది చరిత్రను కూడా చూడమన్న వారందరికీ కృతజ్ఞతలు.

2008 జూన్‌లో సీడర్ నది 31.12 అడుగులకు చేరింది. అంతకుముందు రికార్డు 20 అడుగులే కాబట్టి, పాత రికార్డును మాత్రమే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క అంకెతో తెలుస్తుంది. ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) పటంలో ఏటా 1 శాతంగా చూపే వరద ముప్పు చిన్నదిగానే కనిపిస్తుంది గానీ, 30 ఏళ్ల గృహరుణ కాలానికి లెక్కిస్తే అది దాదాపు 26 శాతం అవుతుంది. అందుకే ధర తక్కువైనా నది దగ్గరి ఇంటిని వదులుకున్నాం. దాని బేస్‌మెంట్‌కు కొత్తగా రంగు వేసినా, ఫర్నేస్ వెనక గోడ మీద పాత నీటి చార అలాగే ఉంది.

గాలి ముప్పు మాత్రం ఎక్కడ కొన్నా తప్పదు. 2020 ఆగస్టు 10నాటి డెరేచోలో (ఉరుములతో చాలా దూరం సాగే తీవ్రమైన గాలివానలో) ఈ ప్రాంతంలో గాలి వేగం గంటకు 140 మైళ్ల దాకా ఉందని అంచనా. కాబట్టి పైకప్పు ఎప్పుడు మార్చారో అడిగి, రసీదులు చూశాకే ఒప్పుకున్నాం.

ఎంచుకున్న ఇల్లు వరద జోన్‌కు బయటే ఉన్నా, మామూలు ఇంటి బీమా వరద నష్టాన్ని భరించదు కనుక వరద బీమా విడిగా తీసుకుంటున్నాం. జాతీయ వరద బీమా సాధారణంగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. వానలు మొదలయ్యేదాకా ఆగకండి.