మన రోడ్ల మీద కార్బన్ ఫైబర్ రోడ్ సైకిల్: వాడుతున్నవారి అనుభవం తెలుసుకోవాలని ఉంది

ప్రశ్న (నార్సింగి, హైదరాబాద్)

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా అల్యూమినియం ఫ్రేము ఉన్న రోడ్ సైకిల్ తొక్కుతున్నాను. వారం మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన ట్రాకు మీద, ఆదివారాలు గండిపేట, శంకరపల్లి మీదుగా వికారాబాద్ వైపు వెళ్తుంటాను. వచ్చే చలికాలంలో 300 కిలోమీటర్ల బీఆర్‌ఎం, అంటే 20 గంటల్లో ముగించాల్సిన రైడు, పూర్తి చేయాలన్న కోరిక బలంగా ఉంది. దూరం వంద దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ పట్టేస్తోంది. కార్బన్ ఫ్రేముకు మారితే ఈ బాధ నిజంగా తగ్గుతుందా? మన గుంతలకు, వరుసగా వేసిన స్పీడ్ బ్రేకర్లకు, మే నెల ఎండకు అది తట్టుకుంటుందా? తెలిసినవారి దగ్గర వాడిన కార్బన్ సైకిల్ ఒకటి మంచి ధరకు వస్తోంది. అలాంటిది కొనవచ్చా, కొంటే ఏమేం చూసుకోవాలి? అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పండి.

జవాబు 1 (మియాపూర్, హైదరాబాద్)

నమస్కారం అండీ. నేను కూడా అల్యూమినియం నుంచే కార్బన్‌కు మారాను. తేడా ఉన్నమాట వాస్తవమే కానీ, అది చాలామంది అనుకునేచోట లేదు. 2023లో ప్రారంభమైన ఆ 23 కిలోమీటర్ల ట్రాకు నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడ రెండు సైకిళ్లూ ఒకేలా అనిపిస్తాయి. శంకరపల్లి దాటాక తారు లేచిపోయి కంకర బయటపడిన రోడ్డు మీద మాత్రం, అల్యూమినియం ఫ్రేము ఒంట్లోకి పంపే సన్నని అదురును కార్బన్ ఫ్రేము, ముఖ్యంగా కార్బన్ సీటు పోస్టు (సీటును మోసే గొట్టం), చాలావరకు తనలోనే మింగేస్తుంది. నాలుగైదు గంటలు గడిచాక శరీరానికి ఆ సంగతి బాగా తెలుస్తుంది. పెద్ద గుంతలో పడ్డప్పుడు తగిలే దెబ్బ మాత్రం దేని మీదైనా దెబ్బే.

బరువు గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు ఉన్నప్పుడు ఒక కిలో తగ్గితే, 20 నిమిషాలు పట్టే ఎత్తు మీద మిగిలేది పదిహేను సెకన్ల లోపే. చదునైన రోడ్డు మీద వేగాన్ని ఆపేది గాలి, బరువు కాదు. వృత్తి పోటీల్లో కూడా సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2000 నుంచి నిబంధన పెట్టింది. మనం ఇంకా వంద గ్రాములు తగ్గిద్దామని డబ్బు పోయడంలో అర్థం లేదు.

మీ తిమ్మిరికి ముందుగా చూడాల్సినవి టైర్లు, కూర్చునే తీరు. నా బరువు 74 కిలోలు. 25 మిల్లీమీటర్ల టైర్లలో 95 పీఎస్‌ఐ గాలితో తొక్కడానికీ, 28 మిల్లీమీటర్ల టైర్లలో 70 పీఎస్‌ఐతో తొక్కడానికీ ఉన్న తేడా, ఫ్రేము మార్చినప్పుడు కనిపించిన తేడా కన్నా పెద్దది. హ్యాండిల్ మరీ దూరంగానో, మరీ కిందకో ఉంటే ఎంత ఖరీదైన ఫ్రేము కొన్నా భారం అరచేతుల మీదే పడుతుంది. కాబట్టి ముందు ఒకసారి సైకిల్‌ను మీ ఒంటి కొలతలకు సరిగ్గా ఫిట్టింగ్ చేయించుకుని, టైర్లు మార్చి, అప్పటికీ కార్బన్ కావాలనిపిస్తే నిశ్చింతగా కొనండి.

జవాబు 2 (పటాన్‌చెరు, కాంపోజిట్ పదార్థాల రంగంలో పనిచేస్తున్నాను)

ఎండ గురించి అడిగారు కనుక అది ముందు చెబుతాను. ఫ్రేములో కార్బన్ పోగులను పట్టి ఉంచే ఎపాక్సీ రెజిన్ అనే జిగురు మెత్తబడటం మొదలయ్యేది సాధారణంగా వంద డిగ్రీలు దాటాకే. అందువల్ల 43 డిగ్రీల ఎండలో నిలబెట్టినా, మూసిన కారులో ఉంచినా ఫ్రేముకు ప్రమాదం లేదు. వేడి నిజంగా ముప్పు తెచ్చేది రిమ్ బ్రేకులు, అంటే చక్రం అంచునే నొక్కి ఆపే బ్రేకులు, ఉన్న కార్బన్ చక్రాలకు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు ఆపకుండా పట్టుకునే ఉంటే రిమ్ము గోడలో రెజిన్ పాడై, పొరలు విడిపోవచ్చు. చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకులతో ఆ చింత ఉండదు.

ఇక దృఢత్వం. ఒక్కో పోగు తల వెంట్రుకలో సుమారు పదో వంతు మందమే ఉంటుంది. పోగుల పొరలను ఎక్కడ ఏ దిశలో పరిచారన్నదే ఫ్రేము స్వభావాన్ని నిర్ణయిస్తుంది. తొక్కినప్పుడు పడే బరువును, రోజువారీ కుదుపులను అది ఏళ్ల తరబడి మోస్తుంది, ఆ విషయంలో అల్యూమినియం కన్నా మేలు. కానీ గొట్టానికి పక్క నుంచి తగిలే పదునైన దెబ్బకూ, బిగించి నొక్కే ఒత్తిడికీ అది బలహీనం. స్టీలు సొట్టపడి హెచ్చరిస్తుంది. కార్బన్ మాత్రం పైన రంగు చెక్కుచెదరకుండా లోపల పొర విడిపోయి ఉండగలదు.

వాడినది కొనేటప్పుడు అందుకే నాణెంతో తట్టి చూడాలి. గొట్టం పొడవునా అంగుళం అంగుళం మెల్లగా తడుతూ వెళ్తే మంచి చోట గట్టిగా, స్పష్టంగా ‘టక్’మంటుంది, పొర విడిపోయిన చోట ఒక్కసారిగా మొద్దుబారిన చప్పుడు వస్తుంది. మందం మారే అతుకుల దగ్గర చప్పుడు సహజంగానే మారుతుంది కాబట్టి కుడి ఎడమలను ఎప్పటికప్పుడు పోల్చుకోవాలి. చైను పక్క గొట్టాలు, పెడల్ ఇరుసు చుట్టుపక్కల భాగం, సీటు పోస్టు బిగించే చోటు, హ్యాండిల్ కింది గొట్టం మొదలు, ఇవి మంచి వెలుతురులో చూడండి. అనుమానం తీరకపోతే ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించాలి. ఫ్రేము గొట్టానికి పగులు వస్తే తెలిసినవారి చేత బాగు చేయించి వాడుకోవచ్చు. ఫోర్కుకో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే భాగం), హ్యాండిల్‌కో వస్తే మాత్రం బాగు చేయించే ఆలోచన వద్దు, మార్చేయాల్సిందే. అవి విరిగితే పళ్లూ ముఖమూ పోతాయి. ఇంకొక మాట: ఎక్కువ కంపెనీలు ఫ్రేము వారంటీ మొదటి యజమానికే ఇస్తాయి, పడినందువల్ల కలిగే నష్టం అందులోకి రాదు.

బోల్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచి తప్పనిసరిగా కొనుక్కోండి. సీటు పోస్టు బిగింపు మీద సాధారణంగా 5 న్యూటన్ మీటర్లు అని ముద్రించి ఉంటుంది. పోస్టు జారుతోందని బోల్టును ఇంకా తిప్పడం వల్లే ఎన్నో ఫ్రేములు పగిలాయి. అక్కడ గ్రీజు కాదు, సన్నని రవ్వలుండే కార్బన్ పేస్టు రాస్తే తక్కువ బిగింపుతోనే పట్టు దొరుకుతుంది.

జవాబు 3 (విశాఖపట్నం)

పై ఇద్దరూ చెప్పినదానికి సముద్రతీరం నుంచి కొంత జోడిస్తాను. మాకు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా ఉప్పుగాలి తప్పదు. కార్బన్‌కు తుప్పు పట్టదు, నిజమే. కానీ దాన్ని ఆనుకుని ఉన్న అల్యూమినియానికి ఉప్పు తడి తగిలితే, ఆ లోహాన్ని తుప్పు మామూలు కన్నా వేగంగా తినేస్తుంది. 1986లో అమెరికా రేసర్ గ్రెగ్ లెమాండ్ టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పోటీ గెలిచిన సైకిల్ లాంటి తొలి తరం ఫ్రేముల్లో కార్బన్ గొట్టాలను అల్యూమినియం కీళ్లలో జిగురుతో అతికేవారు. ఆ కాలపు ఫ్రేముల్లో అతుకులు వదులు కావడానికి ఇదీ ఒక కారణం. ఇప్పుడు ఆ కీళ్లు లేకపోయినా, బాటిల్ స్టాండు బోల్టులు ఎక్కే మర గూళ్లు చాలావరకు అల్యూమినియంవే. నా సైకిల్‌కు బాటిల్ బోల్టు చుట్టూ రంగు కింద చిన్న బుడగలా లేచి, గోటితో గీకితే తెల్లని పొడి రాలింది. హైదరాబాద్‌లో ఉప్పుగాలి లేకున్నా చెమట ఉంది. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను ఒకేచోట నిలిపి తొక్కే స్టాండు) మీద తొక్కేవారికి గడ్డం నుంచి కారే చెమటంతా నేరుగా హ్యాండిల్ బోల్టుల మీదే పడుతుంది. రైడు అయ్యాక తడిగుడ్డతో తుడవండి, సీటు పోస్టును అప్పుడప్పుడూ బయటకు లాగి శుభ్రం చేసి మళ్లీ పెట్టండి.

కారు వెనుక స్టాండులో పై గొట్టాన్ని కొక్కెంతో పట్టే రకం వాడకండి. రైల్లో లగేజీగా వేసినా పై నుంచి పెట్టెలు పడతాయి. మా మిత్రబృందం అరకు వెళ్లేటప్పుడు చక్రాలు విప్పి, గొట్టాలకు దళసరి ఫోమ్ చుట్టి, మాతోపాటే తీసుకెళ్తాం.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ వాడిన సైకిల్‌ను నిన్న చూశాను. రిమ్ బ్రేకులు, కార్బన్ చక్రాలు, 25 మిల్లీమీటర్లకు మించి టైరు పట్టదు. యజమాని ఒకసారి చిన్నగా పడ్డానని చెప్పారు. ఫోర్కు విప్పి చూడటానికి మాత్రం ఒప్పుకోవడం లేదు.

జవాబు 2

అలాగైతే ఆ బేరం వదిలేయండి. ముందుకు పడ్డ సైకిల్‌కు దెబ్బ దాగేది ఫోర్కు పై భాగాన, హ్యాండిల్ లోపలికి వెళ్లే గొట్టంలోనే. విప్పితే తప్ప అది కనిపించదు.

జవాబు 1

నేనూ అదే అంటాను. పైగా 25 దాటి టైరు పట్టని ఫ్రేము మీ అరచేతులకు ఏ మేలూ చేయదు. ఉన్న సైకిల్‌కు 28 టైర్లు పడతాయేమో చూసి, ఒక 200 బీఆర్‌ఎం చేయండి. అప్పటికి డిస్క్ బ్రేకులు, 32 దాకా టైరు పట్టే ఎండ్యూరెన్స్ రకం (దూర ప్రయాణాలకు హాయిగా ఉండే) ఫ్రేము మీ కొలతలో వెతుకుదాం.