టెంక నాటిన అవకాడో: ఉంచాలా, పీకేయాలా?

మిద్దెతోట_అనంతపురం:
మరిది బెంగళూరు నుంచి తెచ్చిన అవకాడో (బటర్‌ఫ్రూట్) తిని, టెంకకు పుల్లలు గుచ్చి, మొన దేలిన వైపు పైకి ఉండేలా గ్లాసు నీళ్ళ మీద నిలబెట్టాను. అయిదు వారాలకు వేరొచ్చింది. ఇప్పటికి మూడేళ్ళు. పెయింటు బకెట్లో నా భుజం దాకా పెరిగింది. పూత మాత్రం లేదు. ఎండాకాలం వస్తే ఆకుల కొనలు మాడిపోతాయి. "పీకేసి కరివేపాకు పెట్టుకో" అంటారు మా ఆయన. నాకు మనసు రావట్లేదు. ఏం చేయాలి?

చీనీతోట_తాడిపత్రి:
మీ ఆయన చెప్పిందే రైట్ అక్కా. చీనీ (బత్తాయి) చెట్టును గింజతో ఎవరన్నా పెంచుతారా? రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిందే తెచ్చుకుంటాం. ఇదీ అంతే. టెంక మొలిస్తే తల్లి చెట్టు కాయే కాస్తుందని భరోసా లేదు. కాపుకు అయిదేళ్ళు పట్టొచ్చు, పది దాటినా దాటొచ్చు. అంటు మొక్కయితే మూడు, నాలుగేళ్ళు. అదీ భూమిలో. బకెట్లో సంగతి చెప్పక్కర్లేదు.

కడప_పెరడు:
అన్నా, అందరూ ఎగబడి కొనే హాస్ రకం ఎక్కడిది? 1926 ప్రాంతంలో కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ నాటిన టెంకే. దాని మీద వేరే రకం అంటు కడితే అతకలేదు. పోనీలే అని వదిలేశాడు. ఆ చెట్టు కాయే బాగుందని 1935లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పుడు పీకేసి ఉంటే?

చీనీతోట_తాడిపత్రి:
లాటరీ తగిలినవాడి పేరే ఊళ్ళో చెప్పుకుంటారు తమ్ముడూ. టికెట్లు చింపేసినవాళ్ళను ఎవరడుగుతారు? అయినా ఆ తర్వాత వచ్చిన హాస్ తోటలన్నీ అంటు కట్టినవే కదా. హాస్ టెంక నాటితే హాస్ రాదు. వచ్చినా మన 42 డిగ్రీల ఎండకు పిందె నిలవడం కష్టం. ఎండకూ ఉప్పుకూ కాస్త తట్టుకునేది వెస్టిండియన్ జాతి. అక్క బకెట్లో ఉన్నది ఏ జాతో ఎవరికి తెలుసు?

నల్లరేగడి_నంద్యాల:
కాపు తర్వాత, ముందు చెట్టు బతకాలి. నేను భూమిలోనే పెట్టాను. ఒక వానకు నీళ్ళు నిలబడ్డాయి. ఆకులు వాలిపోతే దాహమేమో అనుకుని ఇంకా పోశాను! తీరా చూస్తే వేళ్ళు నల్లగా కుళ్ళిపోయి ఉన్నాయి. దీనికి తడి ఉండాలి గానీ నీరు నిలవకూడదు. మీకు ఎర్రనేల దొరుకుతుంది, అదృష్టవంతులు. కొనలు మాడేది మీ బోరు నీళ్ళ ఉప్పుకే అయి ఉంటుంది అక్కా. వాన నీళ్ళు పట్టి పోయండి. వేళ్ళు పైపైనే పాకుతాయి కాబట్టి చెట్టు మొదలు చుట్టూ చెనిక్కాయ పొట్టు పరవండి, కాండానికి ఆనకుండా.

మిద్దెతోట_అనంతపురం:
బోరు నీళ్ళే పోస్తున్నాను. వేడి అనుకున్నా ఇన్నాళ్ళూ. ఒక్క చెట్టే కాస్తుందా? జోడీ కావాలా?

కడప_పెరడు:
ఒక్కటైనా కొంత కాయొచ్చు అక్కా. కాకపోతే దీని పువ్వు మొదటిసారి ఆడగా విచ్చుకుంటుంది, ముడుచుకుని మర్నాడు మగగా విచ్చుకుంటుంది. కొన్ని రకాలు పొద్దున ఆడ, కొన్ని మధ్యాహ్నం ఆడ. రెండూ పక్కపక్కన ఉంటే కాపు మెరుగు.

చీనీతోట_తాడిపత్రి:
సరే, పీకొద్దు. మంచి చెట్టు పుల్ల తెచ్చి దాని మీదే అంటు కట్టించండి. కొడగు వైపు చెట్టళ్ళిలో ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది, ఆర్కా సుప్రీం అనే రకం వాళ్ళదే. మూడేళ్ళ వేరు వృథా కాదు.

కడప_పెరడు:
కట్టించినా కింద ఒక కొమ్మ వదిలేయండి. టెంక సొంత కాయ ఎలా ఉంటుందో చూద్దాం.

మిద్దెతోట_అనంతపురం:
వదిలేస్తా. ముందు పెద్ద డ్రమ్ములోకి మారుస్తా, ఎండలు తగ్గాక అంటు. ఆ కొమ్మ సంగతి మా ఆయనకు చెప్పను.

నల్లరేగడి_నంద్యాల:
డ్రమ్ము అడుగున చిల్లులు మరిచిపోవద్దు అక్కా.