60 ఏళ్లకు తొలి నవల: ఆలస్యంగా వికసించడమా, అడ్డుపడిన జీవితమా?

అటక మీది పుస్తకం:
బ్రిటిష్ నవలా రచయిత్రి పెనెలొపీ ఫిట్జెరాల్డ్ పేరు రాగానే "చూశారా, 60 ఏళ్లకు నవల మొదలుపెట్టి బుకర్ సాహిత్య బహుమతి కొట్టింది, వయసుదేముంది" అనేస్తారు. నాకు ఆ మాట వింటేనే చిరాకు. ఆవిడ 1916లో పుట్టారు. తండ్రి 'పంచ్' అనే హాస్య పత్రిక సంపాదకుడు. 1938లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫస్ట్ క్లాసు. యుద్ధకాలంలో బీబీసీ ఉద్యోగం, తర్వాత భర్తతో కలిసి ఒక సాహిత్య పత్రిక నడిపారు. అలాంటి మనిషి తొలి నవల 1977లో గానీ రాలేదు! మధ్యలో ఏం జరిగింది? భర్త తాగుడు, చెక్కుల మీద దొంగ సంతకాలు, ఆయన లాయరు పట్టా రద్దు. ముగ్గురు పిల్లలతో థేమ్స్ నది మీద పాత పడవలో కాపురం. 1963లో అదీ మునిగింది, పుస్తకాలూ కాగితాలూ దాంతోపాటే పోయాయి. నాలుగు నెలలు నిరాశ్రయుల వసతిలో, తర్వాత పదకొండేళ్లు ప్రభుత్వ అద్దె ఫ్లాటులో. ఇల్లు గడిచింది ఆవిడ టీచరు జీతంతో. నీళ్లు పోయకుండా ఎండబెట్టి, పువ్వు లేటుగా పూసిందని మురిసిపోవడం కాదా ఇది? ఆ ఏళ్లన్నీ సాహిత్యానికి నష్టమే అంటాను. మీరేమంటారు?

తీరిక లేదు:
నష్టం అని తేల్చెయ్యలేనండీ. పడవ కాపురమే 'ఆఫ్‌షోర్' అయింది, 1979లో బుకర్ తెచ్చింది అదే. పుస్తకాల షాపులో పనిచేసిన రోజులు 'ది బుక్‌షాప్'లోకి, బీబీసీ రోజులు 'హ్యూమన్ వాయిసెస్'లోకి వచ్చాయి. నటన నేర్పే స్కూల్లో పాఠాలు చెప్పిన అనుభవంతో ఇంకో నవల. పాతికేళ్లకే రచయిత్రి అయిపోయి ఉంటే ఇందులో సగం పుట్టేవే కావు.

మార్జిన్ నోట్సు:
ఈ లెక్క మొదటి ఐదు నవలల దగ్గరే ఆగిపోతుంది. 1986 నుంచి రాసిన నాలుగింటినీ చూడండి: ఫ్లోరెన్స్, 1913 నాటి మాస్కో, కేంబ్రిడ్జి, చివరికి 18వ శతాబ్దపు జర్మనీ. సొంత కథ ఎక్కడుంది? నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది 1995 నాటి 'ది బ్లూ ఫ్లవర్', నవాలిస్ అనే కవి యవ్వనం గురించి. అప్పటికి ఆవిడకు 78. పడవ మునిగితేనే నవల వస్తుందంటే ఇది ఎక్కణ్నుంచి వచ్చినట్టు? ఆవిణ్ని తయారుచేసింది చదువు. పాఠాల కోసం చదివిన పుస్తకాల్లో కూడా అంచుల నిండా నోట్సే. ఆ చదువు సుఖంగా ఉన్నా సాగేదే.

పక్క వీధి:
తాతలిద్దరూ బిషప్పులు, తండ్రి సంపాదకుడు. ఆ వెనక దన్ను లేని 60 ఏళ్ల టీచరమ్మ రాతప్రతిని ఎవరైనా తెరిచి చూసేవారా? దాని గురించి ఒక్కరూ మాట్లాడరేం?

తీరిక లేదు:
పక్క వీధి గారూ, పాయింటే. కాదనను. కానీ మార్జిన్ నోట్సు గారికి ఒక మాట. 'ది బ్లూ ఫ్లవర్' ఎక్కడ మొదలవుతుందో గుర్తుందా? బట్టలుతికే రోజున. ఏడాదికోసారి ఉతికే ఇల్లది, పై కిటికీల్లోంచి దుప్పట్లు కింద పడుతుంటాయి. కవి కథకు చాకిరేవుతో కొబ్బరికాయ కొట్టాలని లైబ్రరీలో కూర్చున్నవాళ్లకు తడుతుందా? ముగ్గురు పిల్లల బట్టలు పడవ మీద ఆరేసుకున్న మనిషికి తడుతుంది. కథ జర్మనీదే, చెయ్యి మాత్రం ఆ చెయ్యే.

మార్జిన్ నోట్సు:
బాగా చెప్పారు. అయినా ఒక్క చాకిరేవు కోసం ఇరవై ఏళ్లు పణంగా పెట్టాలంటే కష్టమే.

అటక మీది పుస్తకం:
దుప్పట్ల మాట ఒప్పుకుంటాను, సగమే. పక్కన పోర్చుగీసు నవలాకారుడు సరమాగోను పెట్టి చూడండి. 1947లో ఒక నవల వచ్చింది, తర్వాతది 1977లో. 1975లో పత్రిక ఉద్యోగం పోవడంతో పూర్తికాలం రాతకు కూర్చున్నారు, 1998లో నోబెల్. పని పోవడం ఆయనకు తీరిక ఇచ్చింది. ఈవిడకు మొగుడి పని పోయి, ఉన్న తీరికా పోయింది. తొలి నవల కూడా జబ్బుపడ్డ భర్తకు కాలక్షేపంగా ఉంటుందని రాసిన అపరాధ పరిశోధన కథే. ఆయన 1976లో పోయారు, పుస్తకం అచ్చులో చూడనేలేదు. బుకర్ వచ్చాక కూడా పాఠాలు మానలేదు, 70 దాకా. 18 ఏళ్లలో తొమ్మిది నవలలు రాసిన మనిషి, ఆ ఇరవై ఏళ్లూ చేతిలో ఉంటే ఇంకో నాలుగు రాసేవారు కాదా?

మార్జిన్ నోట్సు:
రాసేవారేమో. ఆ నాలుగూ తండ్రి పత్రికకు రాసిన సరదా వ్యాసాల్లా ఉండేవి కావని గ్యారంటీ ఏమిటి?