తరుణా‘చీని’నా, తరుణా‘సీరి’నా?

కొత్తకోట పోరడు: యోహాన్ నోర్బెర్గ్ అని స్వీడన్ రచయిత, 2020ల రాసిన ‘ఓపెన్’ చదువుతున్న. వాకిలి తెరిచి బేరం చేసిన దేశాలు బాగుపడ్డయి, గడియ పెట్టుకున్నయి వెనుకబడ్డయి అంటడు. సోంగు రాజుల కాలంల వెలిగిన చైనా మింగు రాజులొచ్చి సముద్రం బంద్ పెట్టినంక కుంగిందనే కాడికొచ్చేసరికి శ్రీనాథుడు నాలిక మీదికొచ్చిండు. హరవిలాసంల ఓడల బేరగాడు అవచి తిప్పయ్యసెట్టి మీది పద్యం. “తరుణాచీని తవాయి గోవ రమణా...” ఆ తర్వాత దొరుకుతలేదు. రాత్రి నుంచి నిద్రలేదు.

దేవరకొండ పంతులు: “...స్థానంబులం జందనాగరు కర్పూర...” అది సరే, ‘చీని’ ఎక్కడిది నాయనా? ‘తరుణాసీరి’. బర్మాలోని తెనాసెరిం. తవాయి దాని పక్కదే, రమణ అంటే పెగూ వైపు. అంతా ఒకటే ఒడ్డు. చైనాను దూర్చకండి.

గద్వాల అక్క: ఒకటే ఒడ్డయితే నడుమ గోవ ఎట్లొచ్చింది పంతులుగారూ? మా నాయిన ‘చీని’ అనే చదివేటోడు.

దేవరకొండ పంతులు: మత్తేభం అమ్మా. గణాలు చూడండి.

గద్వాల అక్క: చూసే అంటున్న. సీరి అన్నా గురువు, లఘువే; చీని అన్నా గురువు, లఘువే. యతి ‘త’కు ‘స్థా’కు, ప్రాస ‘ర’. ఛందస్సు మీ దిక్కు సాక్ష్యం చెప్పదు.

నల్లగొండ కోర్టు రిటైర్డు: సాక్ష్యం అన్నరు గనుక వచ్చిన. ముప్పై ఏండ్లు సమన్లు పంపిన చెయ్యి ఇది. అదే పద్యం మూడో పాదంల “కప్పలి జోంగు వల్లి వలికా సమ్మన్లఁ దెప్పించు” అని మొదటిసారి విన్నప్పుడు, సెట్టిగారు సరుకుకు సమన్లిచ్చి రప్పించిండనుకున్న! అన్నీ ఓడలేనట. కప్పలి అరవం మాట, జోంగు మలయా మాట. సమ్మన్ అంటే సాంపాన్ పడవే అని నా పట్టు. వల్లి, వలికా ఏం పడవలో చెప్పినోళ్లకు మా తోట బత్తాయిలు ఒక బుట్ట.

కొత్తకోట పోరడు: నాకొకటి తోస్తున్నది. మింగులు సొంత ఓడల బేరాన్ని 1371ల ఆపిండ్రు. తిప్పయ్య సుగంధద్రవ్యాలు పోసింది కొండవీటి రాజు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు, అంటే 1386 తర్వాత. అప్పటికి చైనా గడియ పెట్టే ఉంది. అట్లయితే నేను తప్పు, సీరినే నయం.

మిర్యాలగూడ మిల్లు: తమ్మీ, ఆపినంత మాత్రాన ఆగుతదా? 2023 జులైల తెల్లబియ్యం ఎగుమతి బంద్ పెట్టిండ్రు. ఉప్పుడు బియ్యం నూటికి 20 సుంకం కట్టి మరీ ఓడెక్కింది. సరుకుకు సందు దొరుకుతది. నీ చీని ఉండనీ.

దేవరకొండ పంతులు: అసలు మీ ‘చీని’ సీసపద్యంలోది. “చీని చీనాంబర శ్రేణి తెచ్చి” అని, అది తిప్పయ్య సోదరుడు చామిసెట్టి మీదిది. హురుముంజి (హొర్ముజ్) గుర్రాలొచ్చేది కూడా అందులోనే. రెండు పద్యాలు ఒకే మూటలో కట్టుకొచ్చారు.

గద్వాల అక్క: చీనాంబరం తెచ్చినోడు చీనికి పోలేదంటరా?

నల్లగొండ కోర్టు రిటైర్డు: అక్కా, అబిడ్స్‌ల గద్వాల చీర కొన్నామె గద్వాలకు వచ్చినట్టేనా?

గద్వాల అక్క: మా అంచు సంగతి మాకిడిచిపెట్టండ్రి సారూ.

నల్లగొండ కోర్టు రిటైర్డు: ఏదేమైనా సర్వజ్ఞుడని బిరుదున్న మా రాచకొండ రాజు సింగభూపాలుని ముంగట నిలబడ్డోడు శ్రీనాథుడు. “సర్వజ్ఞ నామధేయము శర్వునకే, రావుసింగ జనపాలునకే”. కటారి అడగను వచ్చి ఆ చాటువు చదివిండని కథ.

దేవరకొండ పంతులు: చదివింది పొగడ్తని మీరు అనుకుంటున్నారు. రెండో ‘కే’ దగ్గర ఆగండి. అది అవధారణం, అంటే నొక్కి చెప్పడం కాదు, ప్రశ్న. శివుడికే గాని, ఈయనకా?

నల్లగొండ కోర్టు రిటైర్డు: ఎట్ల కుదురుతది? మొదటి ‘కే’ అవధారణమయితే రెండోదీ అంతే. నిండు సభల ప్రశ్న వేస్తే కటారి ఇస్తడా?

మిర్యాలగూడ మిల్లు: గొంతు పెంచి చదివితే ప్రశ్న, దించి చదివితే పొగడ్త. గుమస్తాలు బాకీ అడిగేది గట్లనే.

దేవరకొండ పంతులు: మిల్లువారూ, వ్యాకరణం గొంతులో ఉండదు.

గద్వాల అక్క: చాటువు గొంతులనే ఉంటది పంతులుగారూ.

కొత్తకోట పోరడు: నా పద్యం? మూడో పాదం చివర ‘నే’ కాడ తెగి, నాలుగో పాదం ‘ర్పరి’తో మొదలయితదని ఇప్పుడే గుర్తొచ్చింది. ‘నేర్పరి’ని రెండు ముక్కలు చేసిండు. చీనినా, సీరినా అంటే మాత్రం ఎవరూ చెప్తలేరు.

నల్లగొండ కోర్టు రిటైర్డు: వలికా సంగతి కూడా. బత్తాయిలు వాడిపోతున్నయి.