అప్‌డేట్: ప్రభుత్వ ఇళ్ల బ్లాకుల మెయింటెనెన్స్‌లో నివాసుల మాట – తేలింది

విశాఖలో జీ+3 ప్రభుత్వ ఇళ్ల బ్లాకుల్లో మోటారు, డ్రైనేజీ రిపేర్లు ఎలా జరగాలో చెప్పే అవకాశం నివాసులకు ఎలా వస్తుందని అడిగాను కదా. సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్.

దారి చూపింది ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద దరఖాస్తు పెట్టమన్న సలహానే. అయితే "పని ఎందుకు చేయలేదు?" అని అడగకూడదు, దానికి జవాబు రాదు. మెయింటెనెన్స్ అగ్రిమెంట్, బిల్లులు, ఎం-బుక్ (చేసిన పనుల కొలతలు, వివరాలు రాసే మెజర్‌మెంట్ బుక్) కాపీలు కావాలని రాయాలి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. రికార్డులు స్వయంగా చూస్తామని కూడా అడగొచ్చు, మొదటి గంట ఉచితం.

అసలు గుట్టు ఎం-బుక్‌లోనే బయటపడింది. మోటారు రివైండింగ్ (మాడిన కాయిల్ మళ్లీ చుట్టడం) అని మళ్లీ మళ్లీ రాసుంది. సంప్ ఖాళీ అయినా మోటారు తిరుగుతూనే ఉండి కాయిల్ మాడుతోంది. నీళ్లు తగ్గగానే మోటారును ఆపేసే ఫ్లోట్ స్విచ్ పెడితే ఆగిపోయే ఖర్చు అది!

ఆ కాగితం పట్టుకుని అసోసియేషన్‌లో తీర్మానం చేసి, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే పీజీఆర్‌ఎస్‌లో (ప్రజల ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఇచ్చాం. స్విచ్ పెట్టారు. ఇకపై రిపేరు బిల్లు మీద బ్లాకు ప్రతినిధి సంతకం ఉండాలన్న షరతుకీ ఒప్పుకున్నారు. అసోసియేషన్ రిజిస్ట్రేషన్‌కి 2001 సొసైటీల చట్టం కింద కనీసం 7గురు చాలు. బైలాలో (అసోసియేషన్ నియమావళి) బ్లాకుకో ప్రతినిధి, అద్దెకున్నవాళ్లకూ సమావేశాల్లో చోటు అని ముందే రాసుకోండి, లేకపోతే తర్వాత గొడవే.

లాయర్ నోటీసు అవసరం పడలేదు. వందల సంతకాల అర్జీ కంటే తేదీతో ఉన్న సమావేశం మినిట్స్ కాపీకే విలువిచ్చారు.