ఉదాహరణ ప్రోగ్రాములు 14, బిల్డ్ ఫైళ్లు 14 రకాలు: ఒక దారికి తేవడం ఎలా?

పటమట_పొద్దు (విజయవాడ)

నమస్కారం అండీ. తెలుగు మాటల్ని అక్షరాలుగా విడగొట్టి, అకారాది క్రమంలో పేర్చే చిన్న సీ++ లైబ్రరీ ఒకటి మేం నలుగురం చూసుకుంటున్నాం. పేరు 'అక్షర' అనుకోండి. ఎగ్జాంపుల్స్ ఫోల్డర్‌లో 14 ప్రోగ్రాములున్నాయి. ఒక్కోటి ఒక్కొక్కరు ఒక్కో కాలంలో రాసింది. మూడింట్లో సీమేక్ (బిల్డ్ ఫైలు చదివి ప్రోగ్రాము కట్టే పనిముట్టు) కనీస వెర్షన్ 2.8 అని ఉంది, ఐదింట్లో 3.10, నాలుగింట్లో 3.22. మిగతా రెండింటికి మేక్‌ఫైల్ (పాత మేక్ పద్ధతి బిల్డ్ ఫైలు) తప్ప ఇంకేం లేదు. కొన్ని హెడర్ల (లైబ్రరీలో ఏమున్నాయో చెప్పే ఫైళ్లు) కోసం రెండు ఫోల్డర్లు పైకెక్కుతాయి, కొన్ని ఫైండ్ ప్యాకేజ్ (ఇన్‌స్టాల్ అయి ఉన్న లైబ్రరీని వెతికే సీమేక్ కమాండ్) వాడతాయి.

పై నుంచి ఒకేసారి బిల్డ్ చేస్తే మా దగ్గర అన్నీ అవుతాయి. ఇక్కడి కాలేజీ పిల్లలు మాత్రం ఒక్క ఫోల్డర్ కాపీ చేసుకుని మొదలెడతారు, సగం అక్కడే ఆగిపోతాయి. ల్యాబ్‌లో ఉబుంటు 20.04 (లినక్స్). సొంత ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా విండోస్, కొందరి దగ్గర సీమేక్ 4 కూడా వచ్చేసింది. ఉమ్మడిగా ఒక ఫైలు రాసి అందరిచేతా ఇంక్లూడ్ చేయించాలా? ఒకసారి సరిచేశాక మళ్లీ తలో దారీ పట్టకుండా ఏం చేయాలి?

బ్రాడీపేట_బిల్డు (గుంటూరు)

కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నానండీ, అండర్‌స్కోర్లు మీరే వేసుకోండి.

ముందు వెర్షన్ గొడవ తేల్చుకోండి, సగం ఫిర్యాదులు దాంతోనే పోతాయి. ఉబుంటు 20.04తో వచ్చే సీమేక్ 3.16.3. 22.04లో 3.22.1, 24.04లో 3.28.3. అంటే మీ 3.22 ఫైళ్లు నాలుగూ ల్యాబ్‌లో మొదటి లైన్లోనే ఆగుతాయి. 2.8 ఫైళ్లు మూడూ అక్కడ నడుస్తాయి గానీ సీమేక్ 4 ఉన్నవాళ్ల దగ్గర ఆగుతాయి, ఎందుకంటే 4.0 నుంచి 3.5 కంటే కిందివాటికి ఆసరా తీసేశారు. సీమేక్ పాలసీ వెర్షన్ మినిమమ్ అనే వేరియబుల్‌కు కమాండ్ లైన్లో 3.5 ఇస్తే దాటుకోవచ్చు. కానీ అది ఎవరో రాసి వదిలేసిన పాత కోడ్‌కు వాడే మందు. ఫైలు మన చేతిలో ఉన్నప్పుడు అదెందుకు? 14 చోట్లా '3.16...3.28' అని రేంజ్ రాయండి. మూడు చుక్కలు, మధ్యలో ఖాళీ ఉండకూడదు. 3.16 ఉన్న మిషన్ మీదా నడుస్తుంది, కొత్త సీమేక్ ఉన్నచోట 3.28 దాకా కొత్త పాలసీలు (సీమేక్ ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాలు) అమల్లోకి వస్తాయి. ఆ లైను ప్రాజెక్ట్ లైను కంటే పైన ఉండాలి. మీ వాటిలో ఒకట్రెండు తలకిందులుగా ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఉమ్మడి ఫైలు ఇంక్లూడ్ చేయించడం మాత్రం వద్దు. ఉదాహరణ ఉన్నదే కాపీ చేసుకోవడానికి. పిల్లాడు ఫోల్డర్ పట్టుకుపోయాక పై ఫోల్డర్‌లోని ఉమ్మడి ఫైలు వాడి దగ్గర ఉండదు. గిట్‌లో సిమ్‌లింక్ (ఇంకో ఫైలును చూపించే లింకు) పెడదామనుకుంటారేమో, విండోస్‌లో సిమ్‌లింక్ సదుపాయం ఆన్ చేసుకోనివాళ్లకు అది పాత్ రాసున్న ఒక్క లైను టెక్స్ట్ ఫైలుగా దిగుతుంది. సీమేక్ ఆ లైను చదివి సింటాక్స్ ఎర్రర్ అంటుంది, వాడికి ఎందుకో తెలీదు.

ఫైలుకు ఐదు లైన్లు చాలు. కనీస వెర్షన్. ప్రాజెక్ట్ పేరు, పక్కనే భాష. తర్వాత ఫైండ్ ప్యాకేజ్ అక్షర, కాన్ఫిగ్, రిక్వైర్డ్. యాడ్ ఎగ్జిక్యూటబుల్. చివర టార్గెట్ లింక్ లైబ్రరీస్‌లో ప్రైవేట్ (తన వరకే) అని, 'అక్షర::అక్షర'. ఆ డబుల్ కోలన్ అలంకారం కాదు. రెండు కోలన్లున్న పేరు దొరక్కపోతే సీమేక్ తనే ఎర్రర్ ఇస్తుంది. ఉత్త 'అక్షర' అని రాస్తే అదేదో సిస్టమ్ లైబ్రరీ అనుకుని లింకర్‌కు (ముక్కల్ని కలిపి ప్రోగ్రాము చేసేది) పంపేస్తుంది, తప్పు బిల్డ్ చివర్లో ఎక్కడో బయటపడుతుంది.

సీ++ 17 కావాలని ప్రతి ఉదాహరణలోనూ రాయకండి. లైబ్రరీ టార్గెట్ (సీమేక్ కట్టేది, ప్రోగ్రామో లైబ్రరీయో) మీద టార్గెట్ కంపైల్ ఫీచర్స్‌లో పబ్లిక్‌గా (వాడుకునేవాళ్లకూ చేరేలా) ఒక్కసారి పెడితే లింక్ చేసిన ప్రతిదానికీ అదే వెళ్తుంది.

ఇక పై నుంచి బిల్డ్ చేస్తే అన్నీ అవుతున్నాయంటే ఉదాహరణలు బాగున్నాయని కాదండీ. పక్కింటి మీటర్లోంచి వైరు లాక్కుని బల్బు వెలిగించినట్టు. టాప్ ఫైల్లో ఇంక్లూడ్ డైరెక్టరీస్, యాడ్ డెఫినిషన్స్, యాడ్ కంపైల్ ఆప్షన్స్ ఉంటే వాటి తర్వాత యాడ్ సబ్‌డైరెక్టరీతో చేర్చిన ప్రతి ఫోల్డర్‌కూ అవి దిగుతాయి. వాటి మీద ఆధారపడ్డామని ఉదాహరణ రాసినవాడికే తెలియదు. అవన్నీ టార్గెట్ అనే మాటతో మొదలయ్యే కమాండ్లుగా మార్చండి. సీమేక్ సోర్స్ డిర్ ఎక్కడ కనిపించినా సీమేక్ కరెంట్ సోర్స్ డిర్ చేయండి. మొదటిది ఎప్పుడూ టాప్ ఫోల్డర్‌నే చూపిస్తుంది, కాబట్టి లోపలినుంచి ఒక అర్థం, బయటినుంచి ఇంకో అర్థం.

లోపలినుంచి బిల్డ్ చేసేటప్పుడు ఫైండ్ ప్యాకేజ్ అడ్డొస్తుంది కదా అంటారా? లైబ్రరీ ఫైల్లో 'అక్షర::అక్షర' అని అలియాస్ (మారుపేరు) పెట్టి, ఉదాహరణలో ఆ టార్గెట్ లేకపోతేనే ఫైండ్ ప్యాకేజ్ అని ఇఫ్ రాయండి. ప్రాజెక్ట్ ఈజ్ టాప్ లెవెల్ అని ఒకటుంది గానీ అది 3.21లో వచ్చింది, మీ ల్యాబ్‌లో దొరకదు.

లబ్బీపేట_లింకరు (విజయవాడ)

బ్రాడీపేట గారితో రెండు చోట్ల నాకు పేచీ.

ఆ ఇఫ్ దగ్గర మొదటిది. కాపీ చేసుకునే పిల్లాడికి దాంతో పనే లేదు, అది మీ సౌకర్యం కోసం వాడి ఫైల్లో పెట్టిన చెత్త. దాని బదులు ఉదాహరణల్ని యాడ్ సబ్‌డైరెక్టరీలోంచి పూర్తిగా తీసేయండి. లైబ్రరీని ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేసి, ప్రతి ఉదాహరణనూ బయటి ప్రాజెక్టులా కట్టండి. పిల్లలు కట్టేది అలాగే కదా.

రెండోది, ఐదు లైన్లే అయినా 14 కాపీలు. చేత్తో ఒకేలా ఉంచడం ఆరు నెలలు కూడా సాగదు. టెంప్లేట్ ఒకటి పెట్టండి, ఉదాహరణ పేరు, సోర్స్ ఫైళ్లు అని రెండే ఖాళీలు. ముప్ఫై లైన్ల పైథాన్ స్క్రిప్టు 14 ఫైళ్లనూ రాస్తుంది, రాసినవి గిట్‌లో కమిట్ అయి ఉంటాయి. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా పరీక్షలు తనే నడిపే ఏర్పాటు) స్క్రిప్టు మళ్లీ నడిపి, ఏమైనా తేడా వస్తే ఫెయిల్ చేయండి. తేడా చూడ్డానికి గిట్ డిఫ్ చాలదు, అది ట్రాక్ కాని కొత్త ఫైళ్లను పట్టించుకోదు. గిట్ స్టేటస్‌కు పోర్సెలిన్ ఆప్షన్ ఇచ్చి, అవుట్‌పుట్ ఖాళీగా ఉందో లేదో చూడండి.

టెంప్లేట్‌లో తెలుగు కామెంట్లు ఉంటాయి కాబట్టి ఇంకో మాట. విండోస్‌లో పైథాన్ ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే చాలా వెర్షన్లలో యూటీఎఫ్ 8 తీసుకోదు, సిస్టమ్ కోడ్ పేజీ తీసుకుంటుంది. మొదటి తెలుగు కామెంట్ దగ్గరే స్క్రిప్టు పడిపోతుంది, లేదా పిచ్చి రాతలు రాస్తుంది. చదివేటప్పుడూ రాసేటప్పుడూ ఎన్‌కోడింగ్ ఇవ్వండి. రాసేటప్పుడు న్యూలైన్ ఆర్గ్యుమెంట్‌లో ఎల్ఎఫ్ (లినక్స్ పద్ధతి లైను ముగింపు) అని కూడా ఇవ్వండి. షెల్ స్క్రిప్టులకు గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో ఈఓఎల్ ఎల్ఎఫ్ తప్పనిసరి, లేకపోతే విండోస్‌లో క్లోన్ చేసిన స్క్రిప్టును లినక్స్‌లో నడిపితే బ్యాష్ పక్కన కనపడని క్యారేజ్ రిటర్న్ అంటుకుని 'అలాంటి ఫైలు లేదు' అంటుంది. ఫైలు ఎదురుగానే ఉంటుంది, లేదంటుంది.

మేక్‌ఫైల్ రెండూ తీసేయండి.

మంగళగిరి_మేకు (గుంటూరు జిల్లా)

లబ్బీపేట గారు చెప్పిన బయటి బిల్డే సరైంది, కాకపోతే అందులో జారిపడే చోట్లున్నాయి.

వరుస ఇది. లైబ్రరీని కాన్ఫిగర్ చేసేటప్పుడే ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్‌గా 'స్టేజ్' అనే ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వండి. బిల్డ్, తర్వాత సీమేక్ ఇన్‌స్టాల్ (3.15 నుంచి ఉంది, ల్యాబ్‌లోనూ పనిచేస్తుంది). ఒక్కో ఉదాహరణనూ రిపో (మీ గిట్ ఫోల్డర్) బయట, టెంప్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. రిపో లోపలే కడితే రెండు ఫోల్డర్లు పైకెక్కే పాత్‌లు దొరికిపోతూనే ఉంటాయి, తప్పు తెలియదు. ప్రిఫిక్స్ పాత్‌గా ఆ స్టేజ్‌ను ఇచ్చి కాన్ఫిగర్ చేసి, కట్టి, నడపండి.

మొదటి వలలో ఎక్కువమంది పడతారు: షెల్‌లో ఫర్ లూప్ ఫలితం దాని చివరి చుట్టు ఫలితమే. 14లో 5వది పగిలినా 14వది బాగుంటే సీఐ పచ్చగా ఉంటుంది. స్క్రిప్టు పైన సెట్ మైనస్ ఈ (తప్పు రాగానే స్క్రిప్టు ఆగేలా చేసేది) పెట్టండి. లేదా పగిలినవాటి పేర్లు ఒక వేరియబుల్‌లో పోగేసి చివర ఖాళీగా లేకపోతే ఎగ్జిట్ 1 ఇవ్వండి. రెండోదే నా ఓటు, ఎన్ని పగిలాయో ఒకేసారి కనపడతాయి.

ఎప్పుడో యూజర్ లోకల్‌లో (సిస్టమ్ మొత్తానికీ ఉమ్మడి ఫోల్డర్) ఇన్‌స్టాల్ చేసిన పాత 'అక్షర' మరో వల. స్టేజ్‌లో కాన్ఫిగ్ ఫైలు తప్పు చోట పడి ఉంటే ఫైండ్ ప్యాకేజ్ దాన్ని వదిలేసి పాతదాన్ని పట్టుకుంటుంది, ఒక్క మాట చెప్పదు. కాన్ఫిగర్ అయ్యాక మీ స్క్రిప్టు అక్షర డిర్ (లైబ్రరీ దొరికిన చోటు) విలువను క్యాష్‌లోంచి తీసి స్టేజ్‌తో మొదలవుతోందో లేదో సరిచూడాలి. ఆ విలువ క్యాష్‌లో నిలిచిపోతుంది కూడా. ప్రిఫిక్స్ మార్చినా పాత చోటునే చూస్తుంది, కాబట్టి ప్రతిసారీ బిల్డ్ ఫోల్డర్ చెరిపేసి మొదలెట్టండి.

మీ లైబ్రరీ ఇంకేదైనా లైబ్రరీని పబ్లిక్‌గా లింక్ చేస్తే, ఇన్‌స్టాల్ అయ్యే కాన్ఫిగ్ ఫైల్లో దానికి ఫైండ్ డిపెండెన్సీ రాశారో లేదో చూడండి. లోపలి బిల్డ్‌లో ఇది ఎప్పటికీ తెలియదు, బయటి బిల్డ్‌లో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. ఇన్‌స్టాల్ లిస్టులో మర్చిపోయిన హెడర్ సంగతీ అంతే.

ఉదాహరణ తనను తాను పరీక్షించుకోవడానికి అసర్ట్ (షరతు తప్పితే ప్రోగ్రామును ఆపేది) వాడకండి. రిలీజ్ బిల్డ్‌లో సీమేక్ ఎన్‌డీబగ్ పెడుతుంది, అసర్ట్‌లన్నీ మాయమవుతాయి. 'గుంటూరు'లో అక్షరాలు మూడు అని రాసిన అసర్ట్, లైబ్రరీ ఏడు అని చెప్పినా గమ్మున ఊరుకుంటుంది. తప్పయితే మెయిన్ నుంచి 1 తిప్పి పంపండి.

పటమట_పొద్దు

అందరికీ ధన్యవాదాలండీ. ఇఫ్ వద్దనుకున్నాం, టెంప్లేట్ పెట్టాం. లినక్స్‌లో 14కు 14 బయటినుంచి కట్టుకుంటున్నాయి. రెండింట్లో ఇన్‌స్టాల్ కాని హెడర్ నిజంగానే దొరికింది. విండోస్‌లో రెండు చిక్కులు మిగిలాయి. డీఎల్ఎల్‌గా (నడిచేటప్పుడు విడిగా లోడయ్యే లైబ్రరీ ఫైలు) కడితే ఉదాహరణ మొదలవకుండానే 0ఎక్స్‌సీ0000135 అని చస్తోంది. డీఎల్ఎల్ వద్దని స్టాటిక్‌గా (లైబ్రరీని ప్రోగ్రాములోనే కలిపేసి) కడితే నడుస్తోంది గానీ, 'గుంటూరు' ఉదాహరణ ఒక్కటి అక్షరాల లెక్క తప్పు చెబుతోంది. లోపలినుంచి కట్టినప్పుడు సరిగ్గా మూడే చెప్పేది.

మంగళగిరి_మేకు

మొదటిది డీఎల్ఎల్ దొరకలేదని విండోస్ చెప్పే పద్ధతి. లినక్స్‌లో బిల్డ్ అయిన ప్రోగ్రాములో సీమేక్ ఆర్‌పాత్ (లైబ్రరీ ఎక్కడుందో చెప్పే దారి) రాసి పెడుతుంది కాబట్టి స్టేజ్‌లోని లైబ్రరీ దొరుకుతుంది, విండోస్‌లో అలాంటిదేం లేదు. మీ పరీక్ష స్క్రిప్టులో, నడిపే ముందు స్టేజ్‌లోని బిన్ ఫోల్డర్‌ను పాత్ వేరియబుల్‌కు కలపండి. టార్గెట్ రన్‌టైమ్ డీఎల్ఎల్స్‌తో కాపీ చేయించే పద్ధతి 3.21 నుంచి ఉంది. కానీ డీఎల్ఎల్ ఏదీ లేని స్టాటిక్ బిల్డ్‌లో ఆ లిస్టు ఖాళీ అయిపోయి కాపీ కమాండ్ ఫెయిలవుతుంది, ఉదాహరణ ఫైల్లోకి అది తేవొద్దు.

రెండోదానికి, మీ పాత టాప్ ఫైల్లో ఎంఎస్‌వీసీకి (మైక్రోసాఫ్ట్ సీ++ కంపైలర్) యూటీఎఫ్ 8 ఫ్లాగ్ యాడ్ కంపైల్ ఆప్షన్స్‌లో ఉండేదా?

పటమట_పొద్దు

ఉండేదండీ, బ్రాడీపేట గారు చెప్పినట్టు మారుస్తూ లైబ్రరీ టార్గెట్ మీద ప్రైవేట్‌గా పెట్టాం.

బ్రాడీపేట_బిల్డు

అదే మరి. బీఓఎం (ఎన్‌కోడింగ్ ఏదో చెప్పే మొదటి బైట్లు) లేని సోర్స్ ఫైల్ని ఎంఎస్‌వీసీ ఆ ఫ్లాగ్ లేకుండా విండోస్ కోడ్ పేజీలో చదువుతుంది. మామూలు కొటేషన్లలోని తెలుగు చాలాసార్లు బతికిపోతుంది, ఎందుకంటే చదివిన కోడ్ పేజీలోనే తిరిగి రాస్తుంది, బైట్లు మారవు. అందుకే మీకు ఒక్క ఉదాహరణలోనే కనపడింది. దాంట్లో కొటేషన్ ముందు యూ8 (యూటీఎఫ్ 8లోనే పెట్టమనే గుర్తు) ఉండి ఉంటుంది, చూసుకోండి. 'గుంటూరు' అంటే ఏడు కోడ్‌పాయింట్లు (యూనికోడ్ గుర్తులు), యూటీఎఫ్ 8లో 21 బైట్లు. యూ8 ఉన్నచోట ఆ 21 బైట్లనూ 21 వేరువేరు అక్షరాలనుకుని ఒక్కోదాన్ని మళ్లీ యూటీఎఫ్ 8లోకి మారుస్తుంది, పొడవు రెట్టింపు దాటిపోతుంది. మీ లైబ్రరీ తన దగ్గరికొచ్చిన చెత్తను నిజాయితీగానే లెక్కపెడుతోంది.

తెలుగు లైబ్రరీ కదా, ఆ ఫ్లాగ్‌ను లైబ్రరీ టార్గెట్ మీద పబ్లిక్‌గా పెట్టండి. కంపైలర్ ఎంఎస్‌వీసీ అయితేనే వర్తించేలా జెనరేటర్ ఎక్స్‌ప్రెషన్‌లో (సీమేక్‌లో షరతు రాసే పద్ధతి) చుట్టండి, లేకపోతే లినక్స్‌లో వాడే జీసీసీ కంపైలర్ దాన్ని ఫైలు పేరనుకుంటుంది.

లబ్బీపేట_లింకరు

నేనైతే పబ్లిక్‌గా పెట్టను, టెంప్లేట్‌లో ఆరో లైనుగా రాస్తాను. లైబ్రరీ తెచ్చుకున్నందుకు నా సోర్స్ ఫైళ్ల ఎన్‌కోడింగ్ మారిపోవడం నాకు నచ్చదు. పైగా పిల్లాడు రేపు మీ లైబ్రరీ లేకుండా ఇంకో తెలుగు ప్రోగ్రాము రాసుకుంటాడు, ఆ లైను వాడి కంట పడి ఉండాలి.

పటమట_పొద్దు

యూ8 ఉందండీ, సరిగ్గా ఆ ఒక్క ఫైల్లోనే. ఆరో లైనుగా టెంప్లేట్‌లో పెట్టి స్క్రిప్టు నడిపాం. విండోస్‌లో పాత్ కలిపి డీఎల్ఎల్‌గా ఒకసారి, స్టాటిక్‌గా ఒకసారి కట్టి చూశాం. రెండింట్లోనూ మూడే చెబుతోంది.